మార్కెజ్ కుడిచెయ్యి

మార్క్ మార్కెజ్ కుడిచేతికి రెండేళ్లలోపు నాలుగు ఆపరేషన్లు జరిగాయి. మొదటిది 2020 జూలై 21న, నాలుగోది 2022 జూన్ 2న. విరిగింది ఒకే ఎముక. భుజానికీ మోచేతికీ మధ్య ఉండే దండ ఎముక. అది విరిగేనాటికి అతను మోటార్‌సైకిల్ రోడ్ రేసింగ్‌లో ఎనిమిదిసార్లు ప్రపంచ విజేత. తొమ్మిదో టైటిల్ చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబరు 28 అయింది. మధ్యలో గడిచిన కాలంలో అతని పని అయిపోయిందని రాయని పత్రిక లేదు, అనని అభిమాని లేడు.

నేను ఫిజియోథెరపిస్టుని. హన్మకొండ నయీంనగర్‌లో నాకు చిన్న క్లినిక్ ఉంది. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్ల తర్వాత నేను ఎక్కువగా చూసేది బండి మీద నుంచి పడ్డ కుర్రాళ్లనే. ములుగు రోడ్డు, హంటర్ రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు... పడింది ఎక్కడైనా, ఆపరేషన్ ఏ ఊళ్లో అయినా, రాడ్డో ప్లేటో వేయించుకున్నాక చెయ్యి పైకి లేవట్లేదని, పిడికిలి బిగియట్లేదని మా దగ్గరికి వస్తారు. మార్కెజ్‌ని నేను మొదట చూసింది వాళ్ల ఫోన్ల మీదే. 93 అంకె, పక్కన చీమ బొమ్మ. ఆ పిల్లలతో మాట్లాడాలంటే అతనెవరో తెలియాలి కదా అని రేసులు చూడటం మొదలుపెట్టాను, ఆ తర్వాత మానలేకపోయాను. అందరూ ఎవరు ముందున్నారో చూస్తారు. నా కళ్లు మాత్రం అతని కుడి మోచెయ్యి ఎంత పైకి లేస్తోందో వెతుకుతాయి. అందుకే ఈ రేసర్ ఎత్తుపల్లాల కథ నేను చెబితే ఎముక కథగానే వస్తుంది.

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో సెర్వెరా అనే చిన్న పట్టణంలో 1993 ఫిబ్రవరి 17న పుట్టాడు మార్కెజ్. నాలుగేళ్లకే బండి కావాలని అడిగాడు, అమ్మానాన్నలు కొనిపెట్టారు. పదిహేనేళ్లు నిండిన కొద్ది వారాలకే, 2008 ఏప్రిల్‌లో, పోర్చుగల్‌లో 125 సీసీ ప్రపంచ పోటీలో దిగాడు. 2010లో ఆ తరగతి ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది పోర్చుగల్‌లోని ఎస్తోరిల్‌లో వాన వల్ల రేసు ఆగి మళ్లీ మొదలైంది. గ్రిడ్‌కు వచ్చే లాంఛనపు రౌండులోనే అతను కింద పడ్డాడు. బండి బాగుచేయించుకుని అందరికంటే వెనక నుంచి బయలుదేరి, అదే రేసు గెలిచాడు. 2012లో మోటో2 టైటిల్. 2013లో హోండా జట్టులో పెద్ద తరగతి అయిన మోటోజీపీలోకి వచ్చి మొదటి ఏడాదే విజేతగా నిలిచాడు. 1978లో కెన్నీ రాబర్ట్స్ తర్వాత అలా చేసింది అతనొక్కడే. 2014లో సీజన్ మొదలైన పది రేసులూ వరుసగా గెలిచాడు. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లూ టైటిల్ అతనిదే.

పైకి ఎక్కిన రోజులని మనం పిలిచే ఆ కాలంలో కూడా ఒళ్లు దెబ్బలు తింటూనే ఉంది. 2011 అక్టోబరులో మలేసియాలోని సెపాంగ్‌లో ప్రాక్టీసు చేస్తూ తడిసిన చోట జారిపడ్డాడు. ఎముకలేవీ విరగలేదు గానీ కంటికి ఒక వస్తువు రెండుగా కనిపించసాగింది. కనుగుడ్డును తిప్పే కండరానికి వెళ్లే నరం దెబ్బతింది. సీజన్‌లో మిగిలిన రేసులు పోయాయి, టైటిల్ పోయింది, 2012 జనవరిలో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆ వారాంతమే, అదే ట్రాక్ మీద, ఇటలీ రేసర్ మార్కో సిమోంచెల్లి ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత మార్కెజ్ ఎడమ భుజానికి 2018 చివర్లో, కుడి భుజానికి 2019 చివర్లో ఆపరేషన్లు జరిగాయి. అంటే 420 పాయింట్లతో రికార్డు సృష్టించిన 2019 సీజన్‌లో అతను బండి నడిపింది రెండు భుజాల ఆపరేషన్ల మధ్యలో. పాయింట్ల పట్టిక ఈ సంగతి చెప్పదు.

రేసు తెలియనివాళ్ల కోసం కుడిచేతి పనేమిటో కాస్త చెప్పాలి. మోటోజీపీ బండి 1000 సీసీ. నిబంధనల ప్రకారం కనీసం 157 కిలోలు ఉంటే చాలు. మన ఊళ్లో తిరిగే బుల్లెట్ కంటే తేలిక. తిన్నని దారిలో గంటకు 350 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగం నుంచి మలుపు దగ్గరికి రాగానే కొద్ది సెకన్లలో వంద లోపుకు దించాలి. ముందు బ్రేకు కుడిచేతి వేళ్లతో, యాక్సిలరేటర్ కుడి మణికట్టుతో. బ్రేకు వేసిన క్షణంలో ఒళ్లంతా ముందుకు విసిరినట్టు వెళ్తుంది. ఆ బరువంతా రెండు చేతుల మీద, భుజాల మీద పడుతుంది. ఆ బరువు మోస్తూనే వేళ్లు మాత్రం సుతారంగా పనిచేయాలి. తర్వాత బండి 60 డిగ్రీలకు మించి ఒరుగుతుంది. మోకాలే కాదు, మోచెయ్యి కూడా నేలకు రాసుకుంటుంది. ఇలా ఒక్కో రేసులో ఇరవై పైచిలుకు రౌండ్లు, ఒక్కో రౌండులో పదీ పదిహేను మలుపులు.

కింద పడటంలో కూడా రకాలున్నాయి. ముందు టైరు పట్టు తప్పితే బండీ మనిషీ పక్కకు జారిపోతారు. దాన్ని లోసైడ్ అంటారు, చాలాసార్లు లేచి దులుపుకుని వచ్చేస్తారు. వెనక టైరు జారి, జారుతూ జారుతూ ఉన్నట్టుండి పట్టు దొరికించుకుంటే మాత్రం బండి మనిషిని పైకి ఎగరేసి పడేస్తుంది. అది హైసైడ్. రేసర్లందరూ భయపడేది దానికే.

2020 జూలై 19న స్పెయిన్‌లోని హెరెస్‌లో జరిగింది అదే. కరోనా వల్ల ఆలస్యమైన సీజన్‌లో మోటోజీపీకి అది మొదటి రేసు. ముందు వరుసలో ఉన్న మార్కెజ్ మొదట్లోనే ఓసారి పట్టు తప్పి, పడబోయి, ఎలాగో నిలదొక్కుకుని ట్రాక్ పక్కన గులకరాళ్లలోకి పోయి 16వ స్థానానికి పడిపోయాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చాడు. ఇంకో నాలుగు రౌండ్లే ఉన్నాయి. మూడో మలుపులో వెనక టైరు అతన్ని గాల్లోకి విసిరింది. దొర్లుతున్న బండి వచ్చి చేతికి తగిలింది. దండ ఎముక మధ్యలో అడ్డంగా విరిగింది.

రెండు రోజుల తర్వాత బార్సిలోనాలో ప్లేటు, స్క్రూలు వేశారు. ఆ ఎముకను చుట్టుకుని రేడియల్ నరం వెళ్తుంది. అది దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది, చెయ్యి చాపి ఎవరికైనా అడ్డం పెట్టమంటే లేవదు. మా దగ్గరికి అలా వాలిన చేతులతో వచ్చేవాళ్లున్నారు. మార్కెజ్ అదృష్టం, నరం బాగానే ఉంది. అది బాగుండటమే అతని కొంప ముంచిందని నేననుకుంటాను. వేళ్లు ఆడుతున్నాయి, పిడికిలి బిగుస్తోంది, నొప్పి ఓర్చుకోగలడు. ఇంకేం, అనుకున్నాడు. పడ్డ ఆరో రోజున, ఆపరేషన్ అయిన నాలుగో రోజున, అదే హెరెస్‌లో మళ్లీ బండెక్కాడు. వైద్య పరీక్షలో దండాలు తీసి చూపించి మరీ ఎక్కాడు. ప్రాక్టీసులో కొన్ని రౌండ్లు తిరిగాడు, చెయ్యి వాచి బలం తగ్గింది. క్వాలిఫయింగ్ దగ్గర వెనక్కి తగ్గాడు.

ఈ వీడియో మా పిల్లలందరి ఫోన్లలో ఉంది. జబ్బ విరిగి ప్లేటు వేయించుకున్న ఓ డిగ్రీ కుర్రాడు దాన్ని నా మొహం ముందు పెట్టి, "మేడం, మార్కెజ్ ఆరు దినాలకే బండెక్కిండు. నాకు ఆరు వారాలైంది. ఇంకెప్పుడు ఎక్కనిస్తరు?" అన్నాడు. పక్కన వాళ్లమ్మ. "నువ్వన్న చెప్పు బిడ్డా, మా మాట ఇంటలేడు. రాత్రి తాళంచెవులు దాచిపెట్టి పండుకుంటున్న" అని నా చేతులు పట్టుకుంది. నేను వాడి ఎక్స్‌రే వెలుతురులో పెట్టి, తెల్లగా మెరిసే ప్లేటు వెనక ఇంకా కనిపిస్తున్న నల్లటి గీతను వేలితో చూపించాను. ఆ గీత పోయి, దాని చుట్టూ పొగమంచులా తెల్లగా కొత్త ఎముక కమ్ముకోవాలి. అప్పటిదాకా ప్లేటు మోస్తున్నది ఎముకను కాదు, మొత్తం చేతిని.

ఇక్కడే చాలామందికి అపోహ ఉంది. ప్లేటు వేస్తే ఎముక అతికినట్టేనని అనుకుంటారు. స్లాబు పోశాక సెంట్రింగ్ ఎందుకుంచుతాం? కాంక్రీటు గట్టిపడేదాకా ఆ బరువు మోయడానికి. ప్లేటు చేసే పనీ అదే. ఎముక తన బరువు తాను మోసేదాకా అది సాయం పడుతుంది, ఎముకకు బదులుగా బతుకంతా ఉండదు. దండ ఎముకకు మామూలుగా మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సిగరెట్లు తాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు ఇంకా ఆలస్యం. అతకని చోట రోజూ కదలికలు తగులుతుంటే లోహం అలసిపోతుంది. ఒకరోజు ఏ చిన్న పనికో విరిగిపోతుంది. మార్కెజ్‌కి సరిగ్గా అదే జరిగింది. ఆగస్టు మొదట్లో ఇంట్లో పెద్ద కిటికీ తెరుస్తుండగా ప్లేటు విరిగింది. ఆగస్టు 3న రెండో ఆపరేషన్. శరత్కాలం గడిచినా ఎముక అతకలేదు. డిసెంబరు 3న మాడ్రిడ్‌లో మూడోసారి తెరిచి, తుంటి ఎముక నుంచి ముక్క తీసి అక్కడ పెట్టారు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు అప్పుడు బయటపడింది. ఆ తర్వాత వారాల తరబడి యాంటీబయాటిక్స్. అంత తొందరగా బండెక్కడం తప్పేనని తర్వాత అతనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఈ మాట ఏ పిల్లాడి ఫోన్‌లోనూ లేదు.

2021 ఏప్రిల్‌లో పోర్చుగల్‌లో తిరిగొచ్చి ఏడో స్థానంలో రేసు పూర్తిచేశాడు. గరాజ్‌లోకి వచ్చి ఏడ్చేశాడు. జూన్ 20న జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో గెలిచాడు. చివరి గెలుపు తర్వాత 581 రోజులకు. పాత మార్కెజ్ వచ్చేశాడని అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ ట్రాక్ మీద అనుమానం కలిగింది. సాక్సెన్‌రింగ్‌లో మలుపులు 13. వాటిలో పది ఎడమవైపువే. ఆ ఏడాది అతను గెలిచిన మిగతా చోట్లలో ఒకటి అమెరికాలోని ఆస్టిన్, అది కూడా గడియారానికి ఎదురుదిశలో తిరిగే ట్రాక్. ఎడమకు ఒరిగినప్పుడు అతను పాత మనిషే. కుడికి ఒరగాల్సినప్పుడు మోచెయ్యి దాని చోటుకు రావడం లేదు. ఒళ్లంతా వంకర పెట్టి ఆ లోటు పూడ్చుకుంటున్నాడు.

ఎందుకలా? చదువుతున్నవాళ్లు ఓసారి చేసి చూడండి. కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉంచండి. మోచెయ్యి కదలకుండా ముంజేతిని బయటి వైపు తిప్పండి. ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకుని, ఇప్పుడు లోపలికి, పొట్ట మీదికి తీసుకురండి. ఈ తిరుగుడంతా జరుగుతున్నది మోచేతిలో కాదు, భుజంలో. క్లినిక్‌లో మేం ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కొలిచేది దీన్నే. మధ్యలో దండ ఎముక మెలితిరిగి అతుక్కుపోతే, మోచెయ్యి ఎటు చూడాలన్నది ఆ మెలికే నిర్ణయిస్తుంది. హ్యాండిల్ పట్టుకోవడం కోసమే భుజం తన తిరుగుడులో సగం ఖర్చు పెట్టేస్తుంది. మిగిలిన కొద్దిపాటితో ముందు బ్రేకు బరువు మోయాలి. కండరం నొప్పెడుతుంది, బిగుసుకుంటుంది, ఎన్ని వ్యాయామాలు చేయించినా లాభముండదు. ఎందుకంటే లోపం కండరంలో లేదు.

మార్కెజ్ ఎముక 30 డిగ్రీలకు పైగా తిరిగి అతుక్కుందని 2022లో తేలింది. అంతకుముందు 2021 అక్టోబరు చివర్లో శిక్షణలో పడి, 2022 మార్చిలో ఇండోనేసియాలో ఇంకోసారి గాల్లోకి ఎగిరి పడి, రెండుసార్లూ కంటికి మళ్లీ రెండు బొమ్మలు కనబడసాగాయి. ఇక రేసింగ్ వదిలేస్తాడేమోనని అందరూ అనుకున్న కాలమది. మే చివర్లో ఇటలీలోని ముజెల్లోలో శనివారం నాడు మీడియాను పిలిచి నాలుగో ఆపరేషన్‌కు వెళ్తున్నానని చెప్పాడు. ఆదివారం రేసులో పదో స్థానంలో వచ్చి, అమెరికా విమానమెక్కాడు. మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లో ఎముకను మళ్లీ కోసి, తిప్పి, సరైన కోణంలో కూర్చోబెట్టారు.

ఈ రేసర్ జీవితంలో గొప్ప రోజేది అని నన్నడిగితే పది రేసుల వరుస గెలుపును చెప్పను, 2013నూ చెప్పను. ఆ ముజెల్లో శనివారాన్నే చెబుతాను. అప్పటికి అతను బండి నడపగలుగుతున్నాడు, పాయింట్లు వస్తున్నాయి, జీతం వస్తోంది. అతికిన ఎముకను మళ్లీ విరగ్గొట్టించుకుని, మళ్లీ మొదటి నుంచి, మళ్లీ చేతి బరువు ఎత్తలేని స్థితి నుంచి మొదలుపెట్టడానికి సీజన్ మధ్యలో ఒప్పుకోవడం మామూలు మాట కాదు. ఆ ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో రోగి చేసే పనులేమిటో నాకు తెలుసు. నడుం వంచి నిలబడి, చెయ్యిని వేలాడదీసి గుండ్రంగా ఊపడం. మెత్తటి బంతి నొక్కడం. గోడ మీద వేళ్లతో పాకించుకుంటూ చెయ్యిని పైకి తీసుకెళ్లడం, నిన్నటి గీతకంటే ఒక్క వేలెడు పైకి పోతే సంతోషించడం. ప్రపంచంలో అందరికంటే వేగంగా వెళ్లినవాడు ఇంత నెమ్మదిని భరించాలి. ఈసారి భరించాడు. డాక్టర్లు చూసి సరేనన్నాకే, సెప్టెంబరులో రేసుకు వచ్చాడు.

చెయ్యి బాగుపడింది. అప్పుడు బండి పాడైంది. ఆ మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే రేసర్ బతుకులో సగం తన చేతుల్లో లేనిదే. హోండా బండి అప్పటికి ఇటలీ బండ్ల వెనక పడిపోయింది. 2023లో ఏడాది మొదటి రేసులోనే పడి చేతి ఎముక విరిగింది. మోటోజీపీలో అప్పటిదాకా తాను ఓటమి ఎరగని సాక్సెన్‌రింగ్‌లో ఒకే వారాంతంలో ఐదుసార్లు పడి, అసలు రేసుకే దిగలేదు. సెప్టెంబరులో మన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు మోటోజీపీ మొదటిసారి వచ్చింది. శనివారం చిన్న రేసులో అతను మూడో స్థానం సంపాదించాడు. ఆదివారం ఎండ దెబ్బకు రేసును 21 రౌండ్లకు కుదించారు. పడి, లేచి, మళ్లీ ఎక్కి తొమ్మిదో స్థానంలో వచ్చాడు. మా క్లినిక్‌లో ఆ రోజు టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు.

తర్వాతి నెలలో పదకొండేళ్ల హోండా బంధం తెంచుకుంటున్నట్టు ప్రకటించాడు. ఇంకో ఏడాది ఒప్పందం మిగిలుండగానే. వెళ్లింది పెద్ద జట్టుకు కాదు. గ్రెసీని అనే చిన్న జట్టు. కంపెనీ వదిలేసిన, ఏడాది పాతబడ్డ డుకాటీ బండి. ఆ జట్టు స్థాపించిన ఫౌస్తో గ్రెసీని 2021 ఫిబ్రవరిలో కరోనాతో చనిపోతే, భార్య నాదియా పడోవానీ దాన్ని నిలబెట్టి నడుపుతున్నారు. మార్కెజ్ తమ్ముడు అలెక్స్ అప్పటికే అక్కడున్నాడు. అక్కడ చేరి 2024 సెప్టెంబరు 1న అరగాన్‌లో గెలిచాడు. అంతకుముందు గెలుపుకీ దానికీ మధ్య 1,043 రోజులు. 2025లో డుకాటీ అసలు జట్టులో చోటు ఆ గెలుపుకు ముందే ఖాయమైంది. 2025లో 11 ప్రధాన రేసులు గెలిచి, ఇంకా ఐదు రేసు వారాంతాలు మిగిలుండగానే జపాన్‌లోని మోటెగీలో టైటిల్ ఖాయం చేసుకున్నాడు. మోటెగీ ట్రాక్ హోండా కంపెనీది. టైటిల్ పోటీలో రెండో స్థానంలో నిలిచింది తమ్ముడు అలెక్స్.

అన్న గెలిచిన ఏడాదే పక్క గరాజ్‌లో ఇంకొకరు కుంగిపోయారు. జట్టులో మార్కెజ్ సహచరుడు ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో బన్యాయా 2022, 2023లలో ప్రపంచ విజేత. 2022లో 91 పాయింట్లు వెనకబడి కూడా టైటిల్ కొట్టినవాడు. 2025లో ఐదో స్థానంలో ఆగిపోయాడు. అతనికి ఎముకలేవీ విరగలేదు. బండి మీద నమ్మకం పోయిందంతే. బన్యాయా పేరు మన రైతులకు తెలియకపోవచ్చు గానీ అతని మొదటి ప్రపంచ స్థాయి గెలుపు మనవాళ్ల బండి మీదే. 2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో మోటో3 రేసు గెలిచినప్పుడు అతను నడిపింది మహీంద్రా. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసుకొచ్చే ట్రాక్టర్ల మీద కనిపించే ఆ పేరే. మరుసటి ఏడాదితో మహీంద్రా ఆ రంగం వదిలేసింది.

మనవాళ్ల సంగతికొస్తే, ప్రపంచ పోటీలో నిలబడ్డవారు చాలా తక్కువ. చెన్నైకి చెందిన శరత్ కుమార్ 2011లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దిగాడు. భారతీయుల్లో అతనే మొదటివాడు. ఆ ప్రయాణం ఒక సీజన్ కూడా నిండకుండానే ఆగింది. హైదరాబాద్ నుంచి రాహిల్ పిల్లరిశెట్టి జాతీయ పోటీల్లో పాల్గొన్నాడు. సినిమా హీరోగా అందరికీ తెలిసిన అజిత్ కుమార్ పుట్టింది సికింద్రాబాద్‌లో, తెలుగులో హీరోగా చేసిన చిత్రం 'ప్రేమ పుస్తకం'. మోటార్‌సైకిల్ రేసుల్లో నడుం దెబ్బతిని, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుని, కార్లకు మారాడు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో అతని జట్టు తన తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. ఆ రేసుకు కొద్ది రోజుల ముందే ప్రాక్టీసులో అతని కారు గోడకు కొట్టుకుంది.

మార్కెజ్‌కి నాలుగేళ్లకే దొరికింది మన పిల్లలకు ఇరవై ఏళ్లకీ దొరకదు. నేననేది బండి గురించి కాదు, పడటానికి తగిన చోటు గురించి. వరంగల్‌లో జేఎన్ స్టేడియం ఉంది, పరుగెత్తేవాళ్లకు సింథటిక్ ట్రాక్ ఉంది. బండి మీద వేగం ఇష్టమైన పిల్లాడికి మాత్రం శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాకో, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేనో దిక్కు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు కోసం వీధుల్నే ట్రాక్‌గా మార్చారు, రేసయ్యాక ఆ దారి మామూలు దారైంది. ట్రాక్ మీద ప్రమాదం లేదని నేను చెప్పను. 2023 ఆగస్టులో ఆ ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదే బెంగళూరుకు చెందిన పదమూడేళ్ల కుర్రాడు చనిపోయాడు. అయినా ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, డివైడర్ ఉండదు, పడితే జారడానికి గులకరాళ్ల మైదానం ఉంటుంది, నిమిషంలో డాక్టరు వస్తాడు. మోటోజీపీలో 2018 నుంచి గాలితిత్తి ఉన్న సూటు తప్పనిసరి. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతుంటుంది.

టైటిల్ గెలిచిన మరుసటి వారమే, 2025 అక్టోబరు 5న, ఇండోనేసియాలో ఇంకో రేసర్ బండి తగిలి మార్కెజ్ మళ్లీ పడ్డాడు. అదే కుడి భుజం. ఎముక విరిగింది, లిగమెంట్లు దెబ్బతిన్నాయి. మొదట కట్టుతో సరిపెడదామనుకున్న డాక్టర్లు, వారానికి ఆపరేషన్ చేశారు. మిగిలిన రేసులన్నీ వదులుకున్నాడు. ఈసారి ఆరో రోజున బండెక్కడానికి దండాలు తీసి చూపించలేదు.

బండి మీద నుంచి పడ్డ పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. నొప్పి లేదని వాడు చెప్పే మాట నమ్మకండి. ఆరు వారాలకోసారి, ఆపైన డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించండి, ఆ నల్ల గీత పోయిందో లేదో అడిగి మీ కళ్లతో చూడండి. చెయ్యి చక్కగా అతికినా మోచెయ్యి ఒకవైపే తిరుగుతుంటే, నెలల తరబడి నూనెలు రాస్తూ కూర్చోకుండా మెలిక ఏమైనా ఉందేమో ఎముకల డాక్టరుకు చూపించండి. బండెక్కొచ్చని ఆయన నోటితో చెప్పేదాకా తాళంచెవులు మీ దగ్గరే ఉంచుకోండి.